గొలుసు లేని గ్లాసు

మారేడ్‌పల్లిలో మా ఎదురింటి టీచరమ్మ పోయిన ఆదివారం కన్నుమూశారు. గుండెకు బైపాస్ ఆపరేషన్ బాగానే జరిగింది. దాని వెనకే కిడ్నీలు దెబ్బతిన్నాయి. డయాలసిస్ మీద ఉండగా రక్తానికి ఇన్ఫెక్షన్ సోకింది. వార్తగా రాస్తే ఇంతే. కబురు విని వెళ్లేసరికి వాళ్ల గేటు పక్కన కుండ పెట్టే ఇనప స్టాండు ఖాళీగా ఉంది.

ఏటా పదో తరగతి పరీక్షలు మొదలయ్యే రోజున ఆమె ఆ కుండ పెట్టించేవారు. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పరీక్ష రాసి ఎండన పడి వచ్చే పిల్లలకని పెట్టిన నీళ్లు పోస్ట్‌మ్యాన్, కూరగాయల బండివాళ్లు, బందుల రోజుల్లో జెండాలు పట్టుకున్నవాళ్లు, వాళ్ల వెనకొచ్చిన పోలీసులు, అందరూ తాగేవారు. గ్లాసులు తరచూ మాయమయ్యేవి. గొలుసు కట్టించమన్నాను ఒకసారి.

"దాహమేసినవాణ్ని దొంగని ఎలా అంటావయ్యా?" అని ఇంకో గ్లాసు తెచ్చి బోర్లించారు.

నేను ఆమె దగ్గర చదువుకోలేదు. అయినా నా వార్తల్ని ఎర్ర పెన్నుతో దిద్ది పేపరు వెనక్కి పంపేవారు. "భారీ అంటే ఎంతమంది? తెలిస్తే రాయి, తెలియకపోతే తీసెయ్యి." ఇప్పటికీ ఆ మాట రాసేముందు చెయ్యి ఆగుతుంది.

ఆమెది గుంటూరు వైపు. ఆమె దగ్గర చదువుకుని, మా వీధి చివర ఉంటూ ఆటో నడుపుకునే అతను ఆటపట్టించేవాడు.

"ఏందమ్మా, గిన్నేండ్లయినా మీ గుంటూరు మాట పోకపాయె."

"నీ చేతిరాత నేను మార్చలేకపోయాను, నా మాట నువ్వు మార్చలేకపోయావు. చెల్లుకు చెల్లు."

ఆపరేషన్ తర్వాత రోజు విడిచి రోజు ఆమెను డయాలసిస్‌కు తీసుకెళ్లింది అతనే. కొన్ని వారాల్లో కిడ్నీలు కోలుకోవచ్చని, డయాలసిస్ ఆపేయొచ్చని డాక్టర్లు ఆశ పెట్టారు. అందాకా నీళ్లు కొలిచి తాగాలి. మజ్జిగ, చారు కూడా ఆ లెక్కలోకే. మల్కాజ్‌గిరి నుంచి వచ్చి ఉంటున్న కూతురు పొద్దున్నే ఒక సీసా నింపి పెట్టేది. రోజంతటికీ అవే. ఇంటికొచ్చినవాళ్లకు మాత్రం టీచరమ్మ మంచినీళ్లు ఇప్పించడం మానలేదు. నేను తాగి గ్లాసు దించాక అడిగేవారు:

"చల్లగా ఉన్నాయా?"

ఒకరోజు, తాగే వచ్చానన్నాను.

"పేపర్లో రాయని అబద్ధం నా దగ్గరెందుకు? తాగు."

ఒంట్లో బాగోలేదంటే మనవాళ్లు కొబ్బరిబోండాలతో వస్తారు. కిడ్నీ జబ్బంటే మరీను. చలువ చేస్తుందని నమ్మకం. కిడ్నీలు పనిచేయనివాళ్లకు అందులోని పొటాషియం గుండెకే ముప్పు. ఆ సంగతి అప్పటికి నాకూ తెలియదు. ఇది చదివేవాళ్లు బోండాం తీసుకెళ్లేముందు ఇంట్లోవాళ్లను ఒకమాట అడగండి. వచ్చినవాటిని ఆమె వీధిలో పంచేసేవారు. మూత్రం కాస్త పెరిగిందని అందరం సంతోషించిన వారంలోనే గుండె లయ తప్పింది. ఆస్పత్రిలో చూస్తే పొటాషియం బాగా పెరిగి ఉంది. అడగ్గా అడగ్గా, బోండాం తాగానన్నారు.

"ఎవరిచ్చారమ్మా? వాళ్లను మళ్లీ గడప తొక్కనివ్వను," అంది కూతురు.

"దాహం నాది. ఇచ్చినవాళ్ల పేరెందుకు?" అని టీచరమ్మ నా వైపు తిరిగారు. "ఏవయ్యా, నీకు వార్త చెప్పినవాడి పేరు నువ్వు బయటపెడతావా?"

పెట్టనన్నాను.

"మరి నన్నెందుకు అడుగుతారు?"

ఆ గండం గడిచింది. కిడ్నీలు మాత్రం కోలుకోలేదు. తర్వాత మెడ దగ్గరి డయాలసిస్ గొట్టం నుంచి ఇన్ఫెక్షన్ వచ్చింది. అదే ప్రాణం తీసింది.

నిన్న పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. పొద్దున నేను బయటికొచ్చేసరికి ఎదురింటి స్టాండు మీద కొత్త కుండ ఉంది. ఆటో అతను దానికి తడిగుడ్డ చుడుతున్నాడు. నన్ను చూసి, చెయ్యి ఆపకుండానే అడిగాడు.

"డాక్టర్ సాబ్ ఏమన్నడు సార్? బోండాంతోనే గిట్లయిందా?"

"కాదన్నారు. గొట్టం నుంచి వచ్చిన ఇన్ఫెక్షన్."

"పక్కా అడిగిండ్రా?"

"పక్కాగా అడిగాను."

నేను ఇంకేమీ అడగలేదు. అతను బిందెడు నీళ్లు పోసి, మూత పెట్టి, దాని మీద స్టీలు గ్లాసు బోర్లించాడు. నేను రోడ్డు దాటి వెళ్లి గ్లాసు ముంచుకున్నాను. కొత్త కుండ కదా, నీళ్లు ఇంకా చల్లబడలేదు.