బావి తాడు, వెనక వరస

"తాడెక్కడెట్టినావే?"

"బావికాడుంది మావా. అది బావిది. ఈపాలి అది నీ కూడా రాదు, నానూ రాను."

మా ఆయనకూ నాకూ మధ్య చివరి మాటలు ఇవే. ఆయన గుడ్డసంచి భుజాన వేసుకుని లారీ ఆగే రోడ్డు వైపు పోయాడు. నేను పాలు తీసే కత్తి పట్టుకుని రబ్బరు చెట్ల వరసలోకి పోయాను. ఒక మంచి మాట చెప్పి పంపవలసింది అంటారు ఆడవాళ్లు. నన్ను ఎన్ని తోటలు తిప్పాడో వాళ్లకేం తెలుసు.

చెల్లెలి కూతురు రాస్తోంది, దానికి తోట బడిలో అక్షరాలు వచ్చాయి. అందుకని మొదటినుంచి చెబుతాను.

సముద్రం దాటి ఈ దేశం వచ్చిన కొత్తలో మేము బాగన్ దాతుక్ అనే ఊళ్లో కొబ్బరితోటలో ఉండేవాళ్లం. అక్కడి దొరకు ఫుట్‌బాల్ పిచ్చి. మా ఆయన వెనక వరసలో ఆడేవాడు. బంతి తన్నడంలో గొప్పేమీ లేదు గాని, ఆయన్ను దాటి ఎవడూ పోలేకపోయేవాడు. మోకాలు చెడ్డాక ఆట ఆగింది. ఇక కొబ్బరి ఒలుచుకుంటూ కుదురుగా ఉంటాడులే అనుకున్నాను. దొర పిలిచి, వెనక ఆడేవాళ్లకు నువ్వే నేర్పు అన్నాడట. పగలు గేటు కాపలా, సాయంత్రం పాడాంగ్‌లో, అదే ఆటస్థలంలో, పాఠం. అప్పుడు పట్టింది నాకు శని.

ఆయన పాఠమేమిటంటే, వెనక ఆడే అయిదుగురి నడుములకూ ఒకే తాడు కట్టి పరుగెత్తించడం. ఒకడు కదిలితే అందరూ కదలాలి, మధ్యలో సందు ఉండకూడదు. కొబ్బరితోటలో తాడుకు కరువా? అయినా నా బావి తాడే కావాలి. నీళ్లకు నాని మెత్తబడింది, నడుము కోయదట. బిందె పట్టుకుని పోతే బావి దగ్గర ఉత్త గిలక ఉండేది. ఊరి ఆడవాళ్లంతా చూస్తుండగా నేను పాడాంగ్ దాకా నడిచి, అయిదుగురు మగాళ్ల నడుములు విప్పించి తాడు తెచ్చుకునేదాన్ని.

పోనీ దానికి పేరైనా వచ్చిందా? గెలిస్తే గోలు కొట్టినవాడి మెడలో దండ. ఓడితే మాత్రం వెనకవాళ్లకు ఎవడు నేర్పాడని అడిగేవారు. ఒక దొర పొమ్మనేవాడు, ఇంకో దొర రమ్మనేవాడు. బాగన్ దాతుక్ నుంచి సుంగై పెటాని దగ్గర రబ్బరు తోటకు, అక్కడినుంచి సుంగై సిపుట్‌కు. ప్రతిసారీ ఇదే ఆఖరు అనేవాడు. ప్రతిచోటా నేను పాదు పెట్టడం, పిందె చూడకుండానే కుండలు నెత్తికెత్తుకోవడం. సుంగై సిపుట్‌లో మా గది వెనక మునగకొమ్మ నాటి తేల్చి చెప్పేశాను. దీని కాయ నా కూరలో పడేదాకా ఈ గుమ్మం దాటను.

కొమ్మ నిలదొక్కుకుని పూతకొచ్చింది. అప్పుడే పక్క తోటతో ఆట. నడుములకు తాడు లేకపోయినా మావాళ్లు తాడు ఉన్నట్టే ఆడారు. బంతి ఎడమకు పోతే అయిదుగురూ ఎడమకే. అవతలివాళ్లు అది కనిపెట్టి, ఎడమన బంతి చూపించి కుడికి కొట్టారు. కుడివైపు పశువులు మేపుకునేంత ఖాళీ. మళ్లీ అదే, మళ్లీ అదే. దొర మొహం కందిపోయింది. నెలాఖరుకు గది వదిలేయమని గుమాస్తా చేత, ఇక్కడ కిరాణీ అంటారు, కబురు పెట్టాడు.

మా ఆయనకేం? సుంగై పెటాని వైపు మరో దొర పిలిచాడట.

"పోదాం లా, అక్కడ కుర్రోలు నాకంటే పొడుగంట" అన్నాడు, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి, పెళ్లికి పోతున్నట్టు.

ఆ పొద్దున తాడు అడిగి అలా పోయినవాడు పాడాంగ్ అంచు దాటకముందే గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆ అయిదుగురే ఇంటికి మోసుకొచ్చారు. పాడెకు వెదుళ్లు దొరికాయి గాని తాడు చాల్లేదు. వాళ్లలో పెద్దవాడు, నన్ను అక్క వరస పెట్టి పిలిచేవాడు, నా ముందు తల దించుకుని నిలబడ్డాడు.

"అప్పా, ఆ బావి తాడు..."

ఇచ్చాను. ఏం చేస్తాను? పాడెకు కట్టిన తాడు మళ్లీ ఇంటికి రాదు. మా ఆయనకు ఇవ్వనంటే ఇవ్వనన్నాను, చివరికి పట్టుకునే పోయాడు.

కర్మలు కాగానే కిరాణీ వచ్చాడు, కుండలు బయట పెట్టమని. నేనూ పాలు తీసేదాన్నే కదా, గది నా పేరున ఉంచమన్నాను. మొగుడు లేనిదానికి వేరే గది ఎందుకు, ఎవరి గదిలోనైనా ఓ మూల సర్దుకో అన్నాడు. ఇంతలో అయిదుగురూ వచ్చి నా గుమ్మం ముందు వరసగా నిలబడ్డారు. కిరాణీ ఎడమ నుంచి రాబోతే అయిదుగురూ ఎడమకు జరిగారు. కుడి నుంచి రాబోతే కుడికి జరిగారు. ఉన్నది ఒకటే గుమ్మం, ఇక్కడ ఖాళీ ఎక్కడిది? తిట్టలేక నవ్వలేక దొర దగ్గరికి పోయాడు. నా చెట్లు ఎంత పాలు ఇస్తాయో దొరకు తెలుసు. గది నాకే ఉంచాడు.

వెధవలు, ఈ బుద్ధి ఆట రోజున ఉంటే ఆయనకు సంచి సర్దే పని ఉండేదా?

పొయ్యి మీద మునగకాయ ఉడుకుతోంది, నేను లేచి కలపాలి. ఒలే పిల్లా, "నానూ రాను" అన్నానే, అది రాసినావా? ఏదీ, తొలి నుంచి సదువు, వింతాను.