రెండు డోసుల అప్పమ్మ, ఒక్క డోసూ లేని అప్పలలక్ష్మి

హౌరాకి ఏటి అవతల మెటియాబ్రుజ్ దర్జీల సందుల్లో పొద్దున్నే చీపురు పట్టుకుని కనిపించే మనిషిని అక్కడ అందరూ అప్పమ్మ అనే పిలుస్తారు. కుట్టుమిషన్ల దగ్గర కూర్చున్న కుర్రాళ్ళకి అప్పమ్మా మాసీ, చాయ్ దుకాణం వాడికి అప్పమ్మా దీదీ, హాజరు వేసే మేస్త్రీకి ఉత్త అప్పమ్మ. ఎవరెలా పిలిచినా ఆవిడ పలుకుతుంది. ముప్ఫై మూడేళ్ళుగా పలుకుతూనే ఉంది. అయితే ఆవిడ పేరు అప్పమ్మ కాదు.

ఆవిడ పేరు అప్పలలక్ష్మి. అప్పమ్మ ఆవిడ అక్క. శ్రీకాకుళం జిల్లా నుంచి మొగుడి వెంట ఈ ఊరొచ్చి, మున్సిపాలిటీలో ఊడ్చే పని సంపాదించుకున్నది ఆ అక్కే. ఎనభై ఎనిమిదిలో కాన్పుకని పుట్టింటికి వెళ్ళి, మగపిల్లాణ్ణి కని, మూడో నెల నిండకుండానే కామెర్లతో అక్కడే కన్నుమూసింది. పిల్లాణ్ణి ఎత్తుకుని పద్దెనిమిదేళ్ళ చెల్లెలు హౌరాలో రైలు దిగింది. బావ నరసయ్యకి అప్పట్లో డాక్‌లో రోజుకూలి. ఓడొస్తే అన్నం, రాకపోతే గంజి. ఆ ఇంట్లోకి నిలకడగా వచ్చే జీతం ఏదైనా ఉందంటే అది చచ్చిపోయిన మనిషిదే.

తెలుగువాళ్ళుండే క్వార్టర్ల లైనులో పెద్దమనుషులు కూర్చుని తేల్చేశారు. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఒకే పోత. చావు కబురు ఇక్కడి కాగితాలకి ఎక్కలేదు. అయినా చీపురు పట్టినవాళ్ళ మొహం ఎవడు చూస్తాడు? అలా అప్పలలక్ష్మి అక్క చీపురు పట్టింది, అక్క కొడుకుని పెంచింది, రెండేళ్ళకి అక్క మొగుణ్ణే చేసుకుంది. లైనులో అందరికీ ఆవిడ లచ్చిమి. గేటు దాటితే అప్పమ్మ. తప్పు కదా అని ఎవరైనా అంటే నా దగ్గర జవాబు లేదు. పాలడబ్బాకి డబ్బుల్లేక ఏడ్చే పసివాడు ఒళ్ళో ఉంటే పద్దెనిమిదేళ్ళ పిల్ల దగ్గర కూడా జవాబు ఉండదు.

ఊరినుంచి చావు కబురొస్తే తప్ప ఆవిడ పని మానేది కాదు. మేస్త్రీలు మారినప్పుడల్లా కొత్తవాడికి పాతవాడు చెప్పి వెళ్ళేవాడు, ఒక్క అప్పమ్మని మాత్రం నమ్ముకోవచ్చు, జ్వరంతో కూడా వస్తుంది అని. ఆ మెచ్చుకోలు వింటే ఆవిడకి ఒళ్ళు చచ్చిపోయేది. సెలవు కావాలంటే చీటీ రాయించాలి, ఎందుకని అడిగితే చెప్పాలి, ఆఫీసులో గుమాస్తా బాబు ఎదురుగా నిలబడాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషికి అంత గుండె ఎక్కడిది? చీపురు పట్టుకుని వంగి ఉన్నంతసేపే ఆవిడకి ధైర్యం. అక్క వయసు లెక్కన ఇంకా ఐదేళ్ళ సర్వీసుంది, ఆ పైన పింఛను. ఈ ఐదేళ్ళూ ఎవరి కంటా పడకుండా గడిచిపోతే చాలని దేవుళ్ళందరికీ మొక్కుకునేది.

అలాంటి మనిషికి విదేశం వెళ్ళాలని కోరిక పుట్టింది.

కరోనా రెండో వేవ్ తగ్గి, దసరా సందడి అయిపోయిన రోజులవి. హౌరాలో ఉండే సునీల్‌కుమార్ అనే తెలుగాయన తీర్థాలకీ షికార్లకీ మనుషుల్ని పోగేసి తీసుకెళ్తుంటాడు. ఆయన లైనులోకొచ్చి నేపాల్ కబురు చెప్పాడు. హోలీ ముందు ప్రయాణం. హౌరాలో రైలెక్కి రక్సౌల్‌లో దిగడం, అక్కణ్ణించి బస్సులో కాఠ్‌మాండూ, పోఖరా, మంచుకొండలు, ఏడు రోజులు. రెండేళ్ళుగా తలుపులేసుకుని కూర్చున్న జనం కదా, పన్నెండు కుటుంబాలు ఎగబడ్డాయి. డాక్‌లో పని మానేసి ఇంటి పట్టునే ఉంటున్న నరసయ్య కూడా ఊఁ అన్నాడు. అప్పలలక్ష్మి మాత్రం వారం రోజులు ఆ మాటే తలుచుకుంది. సొంతూరికి ఎప్పుడు వెళ్ళినా ఎవరో ఒకరు పోతేనే వెళ్ళింది. చూడ్డానికని ఒక చోటికి వెళ్ళడం ఎలా ఉంటుందో ఆవిడకి తెలీదు. సినిమాల్లో మంచు చూసినప్పుడల్లా, అంత తెలుపు ఎవరు ఊడుస్తారో పాపం అనుకునేది. ఇప్పుడు ఆ తెలుపు మీద నిలబడాలనుంది. అంతకన్నా ముఖ్యం, ఆ దేశంలో ఆవిణ్ణి అప్పమ్మా అని పిలిచేవాడు ఒక్కడుండడు. ఏడు రోజులు తన పేరుతో తిరగొచ్చు. ఇందుకోసం సెలవు చీటీ కూడా రాయించేస్తానని అందంటే, కోరిక ఎంత బలమైనదో చూడండి.

మామూలు రోజుల్లో మనవాళ్ళకి నేపాల్ వెళ్ళడం పక్క వీధికి వెళ్ళినంత సులువు. కరోనా వచ్చాక అదీ లేదు. రెండు డోసులూ పడ్డట్టు కాగితం ఉండాలి. ప్రయాణానికి మూడు రోజుల ముందు ముక్కులో పుల్ల పెట్టించుకుని పరీక్ష చేయించుకోవాలి. సరిహద్దులో మళ్ళీ పరీక్ష పెట్టినా పెట్టొచ్చు, అక్కడ పాజిటివ్ వస్తే పరాయి దేశంలో గదిలో పడెయ్యొచ్చు. ఈ వారం ఉన్న రూలు పై వారం ఉంటుందని సునీల్‌కుమార్ కూడా పూచీ పడలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాడు. అక్కడ ఆధార్ కార్డు చెల్లదు, ఓటరు కార్డో పాస్‌పోర్టో ఉండాలి, టీకా కాగితం మీదా కార్డు మీదా పేరు ఒక్కటే ఉండాలి. ఉన్న కాగితాలకి ఆదివారంలోగా జిరాక్సులు ఇమ్మన్నాడు, లేనివి ప్రయాణం నాటికి తెమ్మన్నాడు.

ఆ జిరాక్సులు తీస్తూనే కొడుకు ప్రదీప్‌కుమార్ ఆగిపోయాడు. వాడికి ట్రామ్ డిపో పక్కన చిన్న జిరాక్సు దుకాణం ఉంది. మొన్న ఫిబ్రవరి, మార్చిల్లో మున్సిపాలిటీ వాళ్ళు తమ మనుషులందరికీ ముందుగా టీకాలు వేయించినప్పుడు పేర్లు హాజరు పుస్తకంలోంచే వెళ్ళాయి. జీతం బ్యాంకులో పడాలి కాబట్టి ఆధారూ అప్పమ్మ పేరు మీదే ఉంది. ఓటరు కార్డొక్కటే వేరు, ఎప్పుడో ఎన్నికల ముందు ఇంటింటికీ తిరిగినవాళ్ళు అడిగితే, నరసయ్య నోటికొచ్చిన అసలు పేరు చెప్పేశాడు. అంచేత కాగితాల ప్రకారం, ముప్ఫై మూడేళ్ళ కిందట చచ్చిపోయిన అక్కకి రెండు డోసులూ శుభ్రంగా పడ్డాయి. బతికున్న చెల్లెలికి ఒక్కటీ పడలేదు.

మొదట నవ్వొచ్చింది అందరికీ. నవ్వు ఆగాక అప్పలలక్ష్మికి భయం పట్టుకుంది. ప్రయాణం సంగతి అటుంచి, ఇంకో సంగతి గుర్తొచ్చింది. మొన్న వైశాఖంలో, పక్క లైనులో ఉండే నాగేశ్వరి ఊపిరాడక ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. మొహం కూడా చూపించకుండా చుట్టేసి, మీద ఒక చీటీ అంటించి పంపేశారు. ఆ చీటీ మీద ఉన్న పేరే ఆ మనిషి. మరి తను పోతే? ఇక్కడ పోతే అప్పమ్మ రెండోసారి పోతుంది, అప్పలలక్ష్మి ఎక్కడా పోదు. ఆ కొండల్లో పోతే అప్పలలక్ష్మి పోతుంది, అప్పమ్మ హాజరు పుస్తకంలో బతికే ఉంటుంది, మరి ఆ జీతం మనిషి ఏమైందని అడిగితే మొగుడూ కొడుకూ జైలుకి పోతారు. కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ ఇదే లెక్క. ఎవరైనా దగ్గితే ఉలిక్కిపడేది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు కదా, ఆవిడకి ఆ రెంటి మధ్యా మంచుకొండ ఒకటి కనిపిస్తోంది. అదే చిక్కు.

ప్రదీప్‌కుమార్ తేలిక దారి ఒకటి చెప్పాడు. ఓటరు కార్డు మీద పేరు దిద్దించేద్దాం, అప్పమ్మ అని పెట్టిద్దాం, అప్పుడు అన్ని కాగితాలూ కలుస్తాయి, ఉద్యోగానికీ పింఛనుకీ కూడా గొడవుండదు అన్నాడు. రెండు పేర్లూ నీవే కదమ్మా అని కూడా అన్నాడు. వాడి బడి కాగితాల్లో తల్లి పేరు అప్పమ్మే. వాడి వరకూ ఆ మాటలో తప్పేం లేదు.

ఆవిడ చేతిలో పని ఆపింది.

"ఒద్దురా బాబూ. మీ అమ్మ నాకు అన్నీ ఇచ్చింది. ఉజ్జోగం ఇచ్చింది, నిన్నిచ్చింది, మీ నాన్ననిచ్చింది. కాదనను. నాను ఈ బూమ్మీద పుట్టినానని సెప్పే కాయితం అదొక్కటే ఉంది. దాన్నీ ఆవిడికే రాసిచ్చీమంతావేటి?"

కొడుకు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇంక మిగిలింది ఒకటే దారి. ఓటరు కార్డు పట్టుకుని వెళ్ళి, అప్పలలక్ష్మి పేరుతో మళ్ళీ మొదటి నుంచి టీకాలు వేయించుకోవడం. ఇప్పుడు ఒకటి, జనవరిలో రెండోది, హోలీ నాటికి కాగితం సిద్ధం. నరసయ్య ససేమిరా ఒప్పుకోలేదు. రెండు సూదులకే మూడేసి రోజులు ఒళ్ళు కాలుతూ పనికెళ్ళిన మనిషివి, నాలుగు పొడిపించుకుంటే ఏమవుతుందో ఏ డాక్టరుకి తెలుసు, అడుగుదామంటే నోరెత్తి అడిగే సంగతా ఇది అని కేకలేశాడు. కంప్యూటర్లో దొరికిపోతామని ఇంకో భయం. ఆవిడా భయపడింది. రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. మూడో నాడు పని నుంచి వచ్చి, స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పద బావా అంది.

పక్క వార్డు బడిలో పెట్టిన క్యాంపుకి వెళ్ళారు, తన వార్డులో అయితే మొహం ఎరిగినవాళ్ళుంటారని. గంటన్నర లైన్లో నిలబడింది. ఆడవాళ్ళ లైన్లోకి మగవాళ్ళని రానివ్వకపోతే నరసయ్య గేటు దగ్గర ఆగిపోయాడు. బల్ల దగ్గర బాబు ఓటరు కార్డు తీసుకుని కంప్యూటర్లో కొట్టాడు. ఏ గంటా మోగలేదు, ఎవరూ వచ్చి పట్టుకోలేదు. అప్పలలక్ష్మి అని గట్టిగా చదివి లోపలికి పొమ్మన్నాడు. సర్కారు బల్ల దగ్గర ఆవిణ్ణి సొంత పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆ క్షణం ఆవిడకి బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది.

లోపల నర్సమ్మ వయసులో చిన్నది, పొద్దుట్నించీ సూదులు వేసి అలిసిపోయి ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి, జాకెట్టు చెయ్యి పైకి లాగమని, దూది తీస్తూ అందరినీ అడిగేవే అడిగింది. బీపీ ఉందా, షుగరుందా, మందులేవైనా పడవా. అన్నిటికీ లేదనే చెప్పింది ఆవిడ. ఆఖర్న, ఇంతకు ముందు కరోనా టీకా ఏదైనా వేయించుకున్నారా మాసీమా అంది నర్సమ్మ. లేదనే మాటకి కలం సిద్ధంగా పట్టుకుంది.

ఆవిడ లేదనడానికి నోరు తెరిచింది.

రోజూ పొద్దున్నే అప్పమ్మా అంటే హాజరు అని పలికిన నోరే అది. ముప్ఫై మూడేళ్ళలో ఎన్నివేల సార్లో, ఒక్కనాడు తడబడలేదు. ఇప్పుడు ఒక్క ముక్క చెప్పాలి, అంతే. నర్సమ్మ రెండోసారి అడిగింది. వెనక లైన్లో వాళ్ళు సణుగుతున్నారు. అప్పలలక్ష్మి చెయ్యి కిందికి లాక్కుని, జాకెట్టు సర్దుకుని, వద్దు దీదీ అని లేచి నిలబడింది. నర్సమ్మకి ఒళ్ళు మండింది. సూదంటే భయమైతే వచ్చి చోటెందుకు చెడగొట్టడం, మీలాంటివాళ్ళ వల్లే ఈ రోగం పోవడం లేదు, మేం చచ్చేది మీకోసమే అని దులిపేసింది. లైన్లో ఆడవాళ్ళు నవ్వారు. రోగం ముదిరిన రోజుల్లో ఊరంతా తలుపులేసుకుంటే, వాళ్ళు విసిరేసిన మాస్కులు చేత్తో ఎత్తిపోసిన మనిషి తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని బయటికొచ్చింది.

నరసయ్య ఎదురొచ్చి, నొప్పిగా ఉందా అని చెయ్యి పట్టుకోబోయాడు.

"ఏయించుకోనేదు బావా," అందావిడ.

దొరికిపోయామా అని ఆయన మొహం పాలిపోయింది. కాదని తలూపి, నడుస్తూ నడుస్తూ చాలా దూరం వచ్చాక చెప్పింది.

"అక్క పేరు మీద ఎన్ని అబద్దాలు ఆడినానో దేవుడికే తెల్సు. నా పేరు మీద ఇంతవరకూ ఒక్కటీ ఆడనేదు. ఆ కుర్సీలో కూకుంటే తెలిసింది నాకు. కొండ సూడ్డానికి ఇప్పుడెందుకు ఆడాల? నువ్వెల్లిరా. నీ కాయితాలు బాగున్నాయి."

ఆటో ఎక్కారు, దిగారు, ఇంటికొచ్చారు. మర్నాడు ఆవిడ మామూలుగానే పనిలోకి వెళ్ళింది. దర్జీలు పెళ్ళిళ్ళ కుట్టుపనిలో పడ్డట్టున్నారు, సందంతా ఎర్ర గుడ్డముక్కలు. ఊడుస్తుంటే రెండుసార్లు కళ్ళు తుడుచుకుంది. వెళ్ళాలని ఉంది ఆవిడకి, ఇప్పటికీ ఉంది. లేదనుకుంటే అదో అబద్ధం.

ఆదివారం నరసయ్య హౌరా వెళ్ళి, సునీల్‌కుమార్ పుస్తకంలోంచి ఇద్దరి పేర్లూ తీయించేసి వచ్చాడు. అందరూ చోటు కోసం కొట్టుకుంటుంటే మీకేమైంది మామయ్యా అని ఆయన అడిగాడట. అప్పలలక్ష్మికి టీకా పడలేదు బాబూ, ఆ మనిషి లేకుండా నేను వెళ్ళను అన్నాడట నరసయ్య. అన్నం తింటూ ఈ సంగతి చెప్పాడు. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి ఆయన వైపు తిరిగింది.

"నా పేరెట్టి సెప్పినావా?"

"పేరెట్టే సెప్పినాను. పుస్తకంలో అప్పలలచ్చిమి అని పెద్దచ్చరాల్తో రాసుకున్నాడు. నా ఎదరగానే కొట్టీసినాడు."

"పోన్లే," అంది అప్పలలక్ష్మి, కంచంలో ఇంకాస్త పులుసు పోస్తూ. "రాసే గదా కొట్టినాడు."