బీరువాలో పెట్టిన వైర్‌లెస్

శ్రీశైలం తన స్టూడియో బోర్డు మీద పేరుకు ముందు ‘డిజిటల్’ అనీ, పేరు తర్వాత ‘ఇంటర్నేషనల్’ అనీ రాయించుకున్నాడు. జన్మలో అతను చూసిన అతి దూర దేశం రాయచూరు. అక్కడికైనా పోయింది మేనమామ కూతురి పెళ్ళికి ఉచితంగా వీడియో తీయడానికి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బస్సులో తిట్టుకుంటూనే ఉన్నాడట.

వనపర్తి బస్టాండు వెనక సందులో ఉండేది ఆ స్టూడియో. కింద దుకాణం, పైన ఇల్లు. అక్కడికి రెండు వీధుల అవతల నేను కంప్యూటర్ కోర్సులు చెప్పేవాణ్ణి. శ్రీశైలం మీద నాకు మంచి అభిప్రాయం అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. అయినా అతని గురించి రాయడానికి కూర్చున్నానంటే, రెండు వేల ఎనిమిది ఆషాఢంలో జరిగిన సంగతి ఒకటి ఇంకా నన్ను వదలకపోవడమే కారణం.

శ్రీశైలం సొంతూరు గద్వాల దగ్గర గట్టు. తండ్రికి ఆరెకరాల చెలక ఉండేది. వాన పడితే ఆముదాలు, పడకపోతే అరుగు మీద కూర్చుని మబ్బుల వంక చూడటం. ఆ చూడటం కొడుక్కి నచ్చలేదు. పదో తరగతి తప్పి, గద్వాలలో ఒక ఫోటో స్టూడియోలో చేరి, ఏడేళ్ళు పెళ్ళిళ్ళలో లైట్లు మోశాడు. ఎండాకాలంలో ఆ లైటు పట్టుకున్న చేతులు బొబ్బలెక్కేవని చెప్పేవాడు, అది నిజమే అయి ఉంటుంది. నాకు అతని మీద ఉన్న గౌరవమంతా ఆ ఏడేళ్ళకే సరిపోయింది. తర్వాతి కాలానికి ఏమీ మిగల్లేదు.

సొంత కెమెరాతో వనపర్తి వచ్చాక మనిషి మారిపోయాడు. పంతులు తాళి కట్టించే ముందు ఇతని వంక చూడాలి. “ఆగుండ్రి, లైటు సరిగ లేదు” అని ముహూర్తాన్నే నిలబెట్టేవాడు. తీసిన దాన్ని ఇంటికి తెచ్చి మిక్సింగ్ పేరుతో చేసే ఘోరం ఇంకోటి. పెళ్ళికూతురు గులాబీ పువ్వులోంచి పుట్టేది. జీలకర్ర బెల్లం వెనకాల మంచు కొండలు కనిపించేవి. పెళ్ళిలో మనుషులు మాట్లాడుకున్న మాటలన్నీ తుడిచేసి ఆ చోట సినిమా పాట పెట్టేవాడు. ఎందుకయ్యా అని అడిగితే, “మన్సుల మాటలు ఎవడింటడు సార్? పాటుంటే పండుగ లెక్కుంటది” అనేవాడు. జనం కూడా అట్లాగే ఉన్నారు. గులాబీ పువ్వు లేకపోతే పెళ్ళే కాలేదన్నట్టు అడిగి మరీ పెట్టించుకునేవారు.

ఆ ఏడు ఎండాకాలంలో హైదరాబాదు పోయి ఒక వైర్‌లెస్ పెట్టె కొనుక్కొచ్చాడు. పైన మిక్సింగ్ కంప్యూటరు, కింద సీడీలు రాసే కంప్యూటరు. మధ్యలో ఒక వైరు కిటికీలోంచి దింపితే సరిపోయే పని. ఆ మాటే అన్నాను. “వైర్‌లెస్ కొన్నంక మల్ల వైరేంది సార్, నామోషీ” అన్నాడు. సందు సందంతా చెప్పుకున్నాడు, గాలిలోనే పెళ్ళిళ్ళు పోతున్నాయని. కానీ ఆ పెట్టెను మాత్రం ఎవరికీ చూపించలేదు. ఎక్కడ పెట్టావంటే, “పైనున్నది సార్, భద్రంగున్నది” అనేవాడు. పరాయి వాళ్ళ ఇంట్లో మనకేం పని అని నేనూ ఇంకేమీ అడగలేదు.

బాలమ్మ వచ్చింది అప్పుడే. ఆత్మకూరు అవతల పల్లె ఆమెది. భర్త ఇస్రాయేలు, భార్యాభర్తలిద్దరూ కూలి పనికి ఊళ్ళు తిరిగేవాళ్ళు. మే నెలలో కూతురు పావని పెళ్ళి వాళ్ళ ఊరి చర్చిలో చేశారు, శ్రీశైలమే వీడియో తీశాడు. పెళ్ళయిన నెలకు ఇస్రాయేలు పుణెలో ఒక బిల్డింగు పని మీద ఉండి, గోడ పక్కన కట్టిన సారువ కర్రల మీద నుంచి పడి చనిపోయాడు.

ఆమె దగ్గర పెళ్ళి సీడీ ఉంది. అందులో ఇస్రాయేలు కనిపించేది నాలుగంటే నాలుగు సెకన్లు. అదీ శ్రీశైలం గీసిన ఎర్రటి హృదయం బొమ్మలో, చుట్టూ నక్షత్రాలు రాలుతుండగా. ఇక పెళ్ళికూతురి తల్లి ఆ సీడీలో మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా లేదు.

“నోరు కదుల్తది సారూ, మాట ఇనరాదు. పాటొస్తది” అని ఆమె నాతో చెప్పింది. “ఆయన కెమెరా దిక్కు జూసి ఏందో అంటుండు. అదేందో నాకు గావాలె. ఆయన గొంతు ఇంకేడ లేదు. ఆదివారం నలభై దినాల ప్రార్థన కూడిక పెట్టుకున్నం. బిడ్డ గూడ ఇంటది.”

అసలు టేపు మీద శ్రీశైలం ఈలోపే ఇంకో పెళ్ళి తీసేశాడు. కొత్త టేపు ఎందుకు దండగ అనుకునే రకం. తుడవని మాటలతో సహా మిగిలింది పైన మిక్సింగ్ కంప్యూటరులో ఉన్న ఒక్క కాపీ. శ్రావణం పెళ్ళిళ్ళు నెత్తి మీదికొస్తున్నాయి కాబట్టి సోమవారం ఆ డిస్కు మొత్తం ఖాళీ చేస్తానని ముందే చెప్పేశాడు. అంటే ఆ గంట వీడియో ఆదివారం లోపల కిందికి దిగి సీడీ కావాలి, లేకపోతే ఇస్రాయేలు గొంతు ఈ లోకంలో ఇక ఎక్కడా ఉండదు.

అది కిందికి దిగడం లేదు. కాపీ పెడితే ఇరవై తొమ్మిది గంటలు పడుతుందని చూపిస్తుంది. ఆ రోజుల్లో వనపర్తిలో కరెంటు పొద్దున పదింటికి వచ్చి మధ్యాహ్నం రెండింటికి పోయేది. పోతే కథ మొదటికి. అట్లా ఐదు సార్లు మొదలుపెట్టి ఐదు సార్లు పోగొట్టాడు. ఆమె ప్రతిసారీ బస్సెక్కి వచ్చి ఉత్త చేతులతో పోయింది.

ఈ ఐదు సార్లలో శ్రీశైలం చేసిన వైద్యం చెప్పకుండా ఉండలేను. మొదట వైరస్ అన్నాడు. కింది కంప్యూటరును రెండు సార్లు ఫార్మాట్ చేశాడు, అందులో ఉన్న ఎవరిదో పుట్టినరోజు కూడా దాంతోపాటు పోయింది. ఎదురింటి వాళ్ళ సెల్‌ఫోను గాలిని మింగుతోందని వాళ్ళతో కొట్లాడాడు. మంగళవారం కంప్యూటరు ముందు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు కీబోర్డు మీద పడితే బట్టతో తుడిచాడు. మిక్సింగ్ కంప్యూటరు డిస్కు విప్పి కిందికి తీసుకుపోదామని నేనంటే సీలు పోతుందన్నాడు. ఆయన మాట ఉన్న ముక్క ఒక్కటే కోసి పంపవయ్యా అంటే, గంట టేపులో ఆ ముసలాయన ఎక్కడున్నాడో వెతికే ఓపిక తనకు లేదన్నాడు. ఇస్రాయేలుకు నలభై ఐదేళ్ళు.

చివరికి గురువారం నాడు నన్ను పిలిచాడు. “సార్, జర మీరే చూడుండ్రి. నాకు పరేషానయితుంది.”

పదింటికి కరెంటు రాగానే పైన మిక్సింగ్ గదిలో కూర్చున్నాను. బాలమ్మ గడప దగ్గర నేల మీద కూర్చుంది. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోమని శ్రీశైలం అనలేదు, నేనూ అనలేదు. నేను నాకు తెలిసిన విద్య అంతా చూపించాను. చానెల్ మార్చాను, పాస్‌వర్డ్ మార్చాను, ఏవేవో ఆపేసి ఏవేవో మొదలుపెట్టాను. పదకొండింటికి తెర మీద ఆకుపచ్చ గీత ఒక్కసారి ఉరికింది. ఇరవై తొమ్మిది గంటలు కాస్తా మూడు గంటలని చూపించింది. చూశావా అన్నట్టు శ్రీశైలం వంక చూశాను. నిమిషం తిరక్కుండానే గీత మళ్ళీ నత్తనడకకు వచ్చింది.

“సారూ,” అంది బాలమ్మ, ఎదురుగా పడకగదిలో ఉన్న శ్రీశైలం భార్యను చూపిస్తూ, “గా అక్క బీరువ తెరిచినప్పుడు గీత ఉరికింది. మూసెటాలకు మల్ల నిలవడ్డది.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. పదేళ్ళుగా కంప్యూటర్లు చెబుతున్న నాకు, కూలికి పోయే ఈమె బీరువా సంగతి చెబుతోంది. “జరుగమ్మా, అడ్డం కూర్చోకు. ఇది నీకు తెలిసే పని కాదు” అన్నాను. ఆమె జరిగింది. రెండింటికి కరెంటు పోయింది, కాపీ కూడా పోయింది.

శుక్రవారం కరెంటే రాలేదు. శనివారం చివరి రోజు. పదింటికి మళ్ళీ మొదలుపెట్టాం. నేను కొత్త చానెల్ ఒకటి వేసి చూస్తున్నాను. పదిన్నరకు గీత ఉరికింది. ఈసారి బాలమ్మ నాతో ఏమీ అనలేదు. లేచి, మిక్సింగ్ గదికి ఎదురుగా ఉన్న పడకగది గుమ్మం దగ్గరికి పోయింది. లోపల శ్రీశైలం భార్య వనజ బీరువా తెరిచి చీరలు సర్దుకుంటోంది.

“అక్కా, నీ కాల్మొక్త. జర గా తలుపు గట్లనే తెర్సి పెట్టు” అంది.

వనజకు ఏమీ అర్థం కాకపోయినా తలుపు వేయలేదు. గీత నిలవలేదు, పోతూనే ఉంది. అప్పుడు గానీ నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఇనుప బీరువా. పై అరలో పట్టుచీరల మధ్య, కలరా ఉండల పక్కన, పసుపూ కుంకుమ పెట్టించుకుని, ఒక మల్లెపువ్వు నెత్తిన పెట్టుకుని, మినుకుమినుకుమంటూ కూర్చుని ఉంది ఆ వైర్‌లెస్ పెట్టె. కరెంటు వైరు కోసం బీరువా వెనక తూటు కూడా పొడిపించాడు మహానుభావుడు.

“ఇదేందయ్యా?” అన్నాను.

“దిష్టి సార్. వనపర్తిల ఇంకెవ్వరికి లేదు. ఎందరి కండ్లు పడ్తయో! బీరువ గట్టిది, రెండు తాళాలు.”

“ఇనుప గోడల మధ్య పెట్టి తాళం వేసి, గాలిలో మాట్లాడమంటే ఎట్లా మాట్లాడుతుంది? దాని మాట చీరల దగ్గరే ఆగిపోతోంది. నీ బుర్రను కూడా ఇందులోనే పెట్టి తాళం వేశావా?”

ఇంకా చాలా అన్నాను. శ్రీశైలం తల గోక్కుంటూ నిలబడ్డాడు. పెట్టెను బయటికి తీశాను. దాంతోపాటు వచ్చిన చిన్న వైరు కూడా, చుట్ట విప్పకుండా, చీరల కిందే దొరికింది. పెట్టెను మిక్సింగ్ కంప్యూటరు పక్కన కిటికీలో పెట్టి ఆ వైరుతో రెంటినీ కలిపాను. ఇక గాలిలో పోవాల్సింది కిందికి మాత్రమే. కాపీ మళ్ళీ మొదటి నుంచి పెడితే గంటన్నర చూపించింది. పన్నెండుంబావుకు మొత్తం కిందికి దిగింది. కరెంటు పోవడానికి ఇంకా టైముంది.

కింద దుకాణంలో స్పీకర్లు పెట్టి, ఆ చోటు వెతికింది నేనే. నలభయ్యో నిమిషం దగ్గర ఉంది. హృదయం బొమ్మ లేదు, నక్షత్రాలు లేవు. చర్చి ముందు టెంటు కింద తెల్ల చొక్కా వేసుకున్న ఇస్రాయేలు కెమెరా దగ్గరికి వచ్చాడు. నవ్వుతున్నాడు.

“ఓ ఫోటో అన్నా, మా ఆమెను గూడ జర తియ్యరాదె? పొద్దటి సంది పొయ్యికాడనే ఉన్నది. బిడ్డ పెండ్లిల తల్లి లేకుంటె ఎట్ల?”

వెంటనే ఇంకో గొంతు, కెమెరాకు దగ్గరగా ఉంది కాబట్టి ఇంకా గట్టిగా, దుకాణమంతా వినిపించింది. “జరుగు పెద్దాయన, అడ్డం రాకు.”

అది శ్రీశైలం గొంతు. తెర మీద ఇస్రాయేలు నవ్వుతూనే పక్కకు జరిగాడు.

శ్రీశైలం మౌసు మీదికి చెయ్యి పోనిచ్చాడు. “గా ఎనక మాట కోసేస్త అమ్మా. ఆయనది ఒక్కటే ఉంచుత.”

“ఏం కొయ్యకు సారూ” అంది బాలమ్మ. కళ్ళు తుడుచుకోవడం లేదు, తెర మీద నుంచి చూపు తీయడం లేదు. “పెండ్లి దినం నన్ను దియ్యమని ఆయన అడుగనన్న అడుగలేదని అనుకున్న. అడిగిండు. మీరు జరుగుమన్నరు. ఉన్నది ఉన్నట్టె రాసియ్యి.”

శ్రీశైలాన్ని తిట్టడానికి ఆ క్షణాన నా నోటి నిండా మాటలున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. గురువారం నాడు ఆమెతో నేనన్నదీ అదే మాట. నాది టేపులో పడలేదు, అంతే తేడా. పోయి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

సీడీ రాయడం అయిపోయింది. బాలమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని లేచి గుమ్మం దాకా వచ్చింది.

“జర జరుగుండ్రి సారూ,” అంది, “ఆత్మకూరు బస్సుకు టైమయితుంది.”

నేను జరిగాను.