హెప్సీ మొహం తిప్పుకున్న రెండు రోజులు

షారోన్ చేతుల సంగతి నల్లపాడు చుట్టుపక్కల మిరప కల్లాల్లో ఎవర్నడిగినా చెబుతారు. ఎండుకాయల రాశి ముందు కూర్చుందంటే పక్కామె తట్ట సగమయ్యేలోపు ఈమె తట్ట నిండిపోతుంది. మంచి కాయల్లో తెల్లబారిన తాలుకాయ ఒక్కటి కూడా మిగలదు. బడి సెలవుల్లో దర్శి దగ్గర వాళ్ళమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది. కూతురు హెప్సిబా పుట్టాక నాలుగు నెలలు మానేసింది. ఊరంతా కాయ ఎండుతుంటే ఇంట్లో కాలు నిలవక, సోమవారం పొద్దున పిల్లను అత్త వీరమ్మ చేతిలో పెట్టి మళ్ళీ కల్లానికి వెళ్ళింది.

మధ్యాహ్నం పాలివ్వడానికి పరుగున వచ్చింది. చేతులు కడుక్కుంది, కడుక్కోలేదని ఎవరూ అనలేరు. కానీ మిరప ఘాటు ఒక్కసారి కడిగితే పోతుందా? పిల్ల ఒక గుక్క లాగి, మొహం కందగడ్డ చేసుకుని కెవ్వుమంది. వీరమ్మ తడిగుడ్డతో మూతి తుడిచి, ఎత్తుకుని వసారాలో తిప్పగా తిప్పగా ఎప్పటికో ఊరుకుంది.

అక్కడితో అయిపోవలసిన ముచ్చటే. కానీ షారోన్‌కి భయం పట్టుకుంది. పెరుగు రాసి కడుక్కుంది. సబ్బుతో మూడుసార్లు రుద్దుకుంది. అదీ చాలదని మొగుడు ప్రసన్నకుమార్‌ని మందుల షాపుకి తరిమి, పుండ్లు కడిగే ఘాటు మందు తెప్పించి, నీళ్ళలో కలిపి మెడ నుంచి నడుందాకా తుడుచుకుంది. పైన పౌడరు. ఇంత చేసి సాయంత్రం ఒళ్ళోకి తీసుకుంటే హెప్సీ మొహం తిప్పేసుకుంది. బలవంతాన దగ్గరికి లాక్కుంటే విల్లులా వెనక్కి వంగి ఏడ్చింది.

"ఇంకా మంట పోలేదత్తా," అని షారోన్ మళ్ళీ బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది.

మంగళవారమంతా ఇదే వరస. కడుక్కోవడం, ఎత్తుకోవడం, పిల్ల మొహం తిప్పుకోవడం. షారోన్‌కి రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి, జాకెట్టు తడిసిపోయింది. వీరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "ఈ ఏడు నువ్వు పోకపోతే కాయలు ఎండవా ఏంటే? లే, పాలు పిండు!" అని అరిచి, ఉగ్గుగిన్నె తెచ్చింది.

వీరమ్మ ఒళ్ళో పెట్టుకుని గిన్నెతో పోస్తే హెప్సీ గుటకలు వేస్తూ తాగింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు, షారోన్ తప్ప. పాలు కావాలి, తను అక్కర్లేదు. అంతకంటే ఏం చెప్పాలి ఆ పిల్ల? గోడవైపు తిరిగి, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది.

ఆ సాయంత్రం ఊరి నర్సమ్మ వచ్చి పిల్ల నోరు, చెవులు చూసింది. పుండూ లేదు, జ్వరమూ లేదు. "బలవంతం చెయ్యొద్దమ్మా. గిన్నెతో పాలు పడుతూనే ఉండండి. ఒంటేలు పోస్తుందో లేదో కనిపెట్టుకుని ఉండండి. ఆగిపోయిందా, ఇంక నాకోసం చూడొద్దు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోండి," అంది.

బుధవారం పొద్దునకి ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన హెప్సీ గిన్నెనీ నెట్టేసింది. పోసిన పాలు పెదాల పక్కనుంచి కారిపోయాయి. షారోన్ పది నిమిషాలకోసారి పొత్తిగుడ్డ తడిమి చూసింది. పొడిగానే ఉంది. పదకొండయింది, పొడిగానే ఉంది. ఏడుపు కూడా సన్నబడింది. ప్రసన్నకుమార్ చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో కోసం పరుగెత్తాడు.

సంచిలో బట్టలు సర్దడానికి షారోన్ పిల్లను ఉయ్యాల్లో వేసింది. రెండు గుడ్డలు సర్దిందో లేదో ఏడుపు ఆగిపోయింది. గభాల్న ఉయ్యాల్లోకి తొంగిచూసింది.

హెప్సీ ఉయ్యాల చీర అంచు నోట్లో కుక్కుకుని చప్పుచప్పున చీకుతోంది.

అది షారోన్ బాలింతగా ఉన్నప్పటి పాత నూలు చీర. ఉయ్యాలకు కట్టిన చీర చిరిగిపోతే, ఆదివారం రాత్రి ఒంటిమీద ఉన్నదాన్ని విప్పి, ఉతక్కుండానే కట్టేసింది. షారోన్ వంగి ఆ చీరను వాసన చూసింది. పాలు, చెమట, కొబ్బరినూనె. తర్వాత తన మోచేతిని వాసన చూసుకుంది. ఆస్పత్రి వరండా వాసన.

"అత్తా! మంట ఎప్పుడో పోయిందత్తా. నేనే... నేను నాలా లేను!"

వీరమ్మ కోడలి మెడ దగ్గర ముక్కు పెట్టి, "ఓసి నీ అతిశుభ్రం తగలెయ్య! టీకాలేసే నర్సమ్మ వచ్చిందనుకుందే పిల్ల!" అంది.

షారోన్ సబ్బు ముట్టకుండా బిందెడు ఉత్తనీళ్ళు గుమ్మరించుకుంది. మందు వాసన పోయేదాకా ఇంకో బిందె. ఉయ్యాల విప్పి, ఆ చీరే ఒంటికి చుట్టుకుని, పిల్లను పక్కలో వేసుకుని చాపమీద పడుకుంది. ఈసారి లాక్కోలేదు. ఊరికే పడుకుంది. హెప్సీ చీర మీద ముక్కు రాసింది, ఇటు తిప్పింది, అటు తిప్పింది, గునిసింది. చివరికి ఆ చిన్న నోరు వెతుక్కుంటూ వచ్చి పట్టుకుంది.

గట్టిపడ్డ రొమ్ము ప్రాణం పోయేంత నొప్పి పెట్టింది. అయినా కదల్లేదు, కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. వాకిట్లో ఆటో హారన్ మోగింది. "ఒరేయ్, నోర్మూయించరా దాన్ని!" అంటూ వీరమ్మ బయటికి ఉరికింది.

పిల్ల ఒకవైపు తాగి, రెండోవైపూ తాగింది. ఆటో అలాగే ఆగి ఉంది, ఇంకా ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు. కాసేపటికి షారోన్ పొట్టకు వెచ్చగా తడి తగిలింది.

"అత్తా, తడిపింది!" అని అరిచింది, వీధి చివరిదాకా వినబడేలా.