ముత్యం కేసులో నా మొదటి కాగితం

కోర్టు మెట్లెక్కకుండానే ఓడిపోయిన వకీలును ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నల్లకోటుకు కొలతలైనా ఇవ్వకముందే, ఒక శని, ఆదివారాల్లో మార్కాపురం నడిబొడ్డున నా పరువును నేనే దగ్గరుండి ముంచుకున్నాను. ఆ దెబ్బకు తెరిచిన నోరు మళ్ళీ మూతపడటానికి వారం పట్టింది.

అప్పుడు నేను లా మూడో సంవత్సరం. సెలవుల్లో మా ఊళ్ళోనే ఒక సీనియర్ వకీలు గారి దగ్గర ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. సోమవారం ఆయన సర్టిఫికెట్ మీద సంతకం పెడితేనే కాలేజీలో నన్ను పై సంవత్సరంలోకి రానిస్తారు. శుక్రవారం సాయంత్రం సార్, మేడమ్ గిద్దలూరులో పెళ్ళికి బయలుదేరుతూ వాళ్ళ కుక్కను తెచ్చి నా చేతిలో పెట్టారు. బొచ్చు పొమెరేనియన్. పేరు ముత్యం. పాలల్లో ముంచి తీసినంత తెల్లన.

"శ్రావణీ, పెరుగన్నమే పెట్టు తల్లీ. చారు పోస్తే అలుగుతాది. నా బిడ్డను నీ చేతుల్లో పెట్టి పోతాన్నా," అన్నారు మేడమ్, కళ్ళొత్తుకుంటూ.

"సోమవారం సంతకం సంగతి గుర్తుంది గదమ్మా?" అన్నారు సార్. ఆయన నోట్లోంచి వచ్చే షరతులన్నీ ఇంత మెత్తగానే ఉంటాయి.

కుక్క ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. శనివారం పొద్దున్నే నా హాస్టల్ స్నేహితురాళ్ళు నస్రీన్, మౌనిక బస్సు దిగారు. ఆటో మాట్లాడుకుని, ముత్యాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊరంతా తిరిగాం. గుడికి వెళ్ళాం, బజారులో గాజులు బేరమాడాం, గోలీసోడా తాగి ముగ్గురం పోటీపడి తేన్చాం. మధ్యాహ్నానికి ఊరి బయట పలకల ఫ్యాక్టరీల దగ్గర తేలాం.

అక్కడ నాకు పూనకం వచ్చింది. నేను పుట్టి పెరిగింది పలకల ఊళ్ళో కదా! "రాయిని నీళ్ళు పోస్తూ కోస్తారు. ఆ పొడి బురదై ఇదిగో ఈ గుంతల్లోకి చేరుతుంది. ఇందులో పడితే కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు," అని ఉపన్యాసం ఇచ్చాను. ఈ మాటన్నది నేనే. కాస్త గుర్తుంచుకోండి.

"ఫొటోలో దీని బెల్టు బాగలేదు, తియ్యవే," అంది నస్రీన్. తీశాను. అదే క్షణంలో పక్క షెడ్డులో రంపం మిషన్ గయ్యిమంది. తిరిగి చూస్తే నా చేతిలో బెల్టు ఉంది, ముత్యం లేదు.

మూడు గంటలు వెతికాం. కనబడిన ప్రతి మనిషినీ "తెల్ల కుక్కను చూశారా?" అని అడిగాం. "తెల్లదా? చూడలేదు పాపా," అన్నారందరూ. దొరికితే తెచ్చిమ్మని ఇంటి గుర్తులు చెప్పి వచ్చి, మా అరుగు మీద కూలబడి ఏడ్చాను. కళ్ళు మూసుకుంటే మేడమ్ మొహమే కనిపించింది. ఆ వెనకాలే సంతకం లేని సర్టిఫికెట్ కూడా కనిపించిందని ఒప్పుకుంటున్నాను.

సాయంత్రం ఒకామె చంకలో ఏదో ప్రాణిని పెట్టుకుని వచ్చింది. "లాయరమ్మ ఇల్లు ఇదేనా? నా పేరు అంకమ్మ, పలకల ఫ్యాక్టరీలో పని. ఇది గుంతలో పడి ఉన్నింది. మీదేనా చూడు పాపా."

చూశాను. బూడిద రంగు. బొచ్చంతా జడలు కట్టి ఒంటికి అతుక్కుపోయి, వానలో తడిసిన మేకపిల్లలా ఇంతే ఉంది.

"ఇది కాదక్కా. మాది తెల్లది."

"నిన్ను చూసి తోక ఊపుతాంది గదమ్మా!"

"తోక ఊపడం సాక్ష్యం కాదక్కా. అన్నం పెడతారనుకుంటే ఏ కుక్కయినా ఊపుతుంది."

ఆ కుక్క నా చెయ్యి నాకింది. వెంటనే లోపలికెళ్ళి సబ్బుతో చెయ్యి కడుక్కొచ్చాను.

"ఏయ్, ఒకసారి ముత్యం అని పిలిచి చూడవే," అంది మౌనిక.

"సాక్షికి మనమే జవాబు అందించకూడదు. ఇది కూడా తెలియదా?" అని కసిరాను.

అంకమ్మ కుక్కను చంక మార్చుకుంది. "అట్లయితే నేనే పెంచుకుంటా. కానీ రేపెవరన్నా వచ్చి, మా కుక్కను ఎత్తుకపోయినావంటే మాట పడాల. చదువుకున్నదానివి, ఒక కాయితం రాసియ్యి."

నా మొదటి క్లయింటు! దుఃఖం ఎటుపోయిందో తెలియదు. పెన్ను తీసి, "ఈ కుక్క నాది కాదు. దీనిపై నాకు గానీ, నా తరఫువారికి గానీ ఇప్పుడూ ఇకమీదటా ఏ హక్కూ లేదు. అంకమ్మ గారు పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించుకోవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. సాక్షులుగా నస్రీన్, మౌనిక సంతకాలు చేశారు.

ఆదివారం మధ్యాహ్నం సార్ వాళ్ళు వచ్చారు. విషయం చెప్పగానే మేడమ్ చీర కూడా మార్చుకోకుండా కారెక్కారు. ఫ్యాక్టరీల వైపు వెళ్తుంటే ఒక రేకుల ఇంటి ముందు అంకమ్మ తువ్వాలుతో ఒక కుక్కను తుడుస్తోంది. తెల్లటి కుక్క. నుదుటిన కుంకుమబొట్టు.

"ముత్యం!" అని మేడమ్ కేక వేశారు.

అంటే నిన్నటి బూడిద రంగు కుక్కే! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళ గురించి విన్నారు కదా. నేను ఆ పిల్లను దింపి, నాది కాదని సాక్షులతో సహా సంతకం పెట్టిచ్చాను!

అంకమ్మ రవికెలోంచి కాగితం తీసింది. సార్ రెండుసార్లు చదివారు.

"ఎవరు రాసినారమ్మా ఇది?"

"నేనే సార్."

"ఒక్క లొసుగు లేదు. ఇన్నాళ్ళకు నేర్చుకున్నావు. ఇంక నువ్వే వాదించి విడిపించు."

వాదించాను. "అక్కా, చూడు, మేడమ్‌ను చూసి ఎలా తోక ఊపుతోందో..."

"తోక ఊపితే సాక్ష్యం కాదంటివే?"

"పోనీ, పేరు పెట్టి పిలిస్తే..."

"అట్ల పిలవగూడదని ఆ పిల్లను కసిరితివి గదా!"

మేడమ్ వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. అంకమ్మ ఆమె మొహం చూసి, కుక్కను ఎత్తి ఆమె ఒడిలో పెట్టేసింది. "ఏడవాకమ్మా. నీ బిడ్డను నేనేం చేసుకుంటా?"

"మరి కాగితం?" అన్నారు సార్.

"అదేం కాయితం సార్! కుక్క మీది. మీ సొత్తును ఈ పిల్ల రాసిస్తే ఎట్ల చెల్లుతాది?"

తనది కానిదాన్ని ఎవరూ ఇంకొకరికి రాసివ్వలేరు! ఇది మాకు నేర్పే తొలి పాఠాల్లో ఒకటి. పరీక్షలో పేజీన్నర రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. సార్ వైపు చూస్తే ఆయన కారు అద్దం తుడుచుకుంటున్నారు.

"అంకమ్మా, ఈ పిల్ల బదులు నువ్వు మా ఆఫీసుకు వచ్చెయ్యరాదా?" అన్నారు చివరికి.

"నాకెందుకులే సార్. తెల్లదేదో నల్లదేదో నాకు తెలుస్తాది. ఆ పనికి నేను పనికిరాను."

సోమవారం సార్ సంతకం పెట్టారు గానీ, పెడుతున్నంతసేపూ భుజాలు ఊగేలా నవ్వుతూనే ఉన్నారు. కనుక ఇకమీదట కుక్కయినా, పిల్లయినా, నడిచొచ్చే క్లయింటైనా సరే, "ఇది కాదు" అనేముందు ఒక బిందెడు నీళ్ళు నెత్తిన పోసి చూస్తానని, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహలో ఉండి ప్రమాణం చేస్తున్నాను.