గట్టు మీద ఊపిరి

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఆ చాప లాక్కుని కూర్చోండి. నేను చదివింది మూడో తరగతి. కానీ నీళ్ళ సంగతి చెప్పమంటే ఒక్క చుక్క వదలను.

నరసాపురం రేవులో కొత్తగా ఎస్టీడీ బూత్ పెట్టిన రోజులు. రేవుకి బాగా కిందగా, గోదావరి సముద్రంలో కలిసే దాపున నా అత్తవారిల్లు. మావాళ్ళది గుల్ల పని. మా ఆయన గట్టు మీంచి నీళ్ళలోకి మునిగి, అడుగు బురదలో చేతులతో వెతికి, సున్నం బట్టీకి ఆల్చిప్పలు తెచ్చేవారు. పడవ లేదు. నడుముకో తాడు, మెడలో ఓ వలసంచి, అంతే.

దిగడానికి అన్ని రోజులూ పనికిరావు. వానాకాలం ఎర్రనీళ్ళలో మన చెయ్యి మనకే కనపడదు. దక్షిణపు గాలి లేస్తే అడుగంతా కలకబారిపోతుంది. మాఘమాసానికి నీరు తేటపడుతుంది. అప్పుడైనా, పోటు ఎక్కడం ఆగి, నీరు వెనక్కి తీసే పాటు మొదలయ్యేలోపు, గోదారి కాసేపు కదలకుండా నిలబడుతుంది చూడండి, అదీ అదను.

గట్టు మీద తాడు పట్టుకునే పని ఆడవాళ్ళది. కాపరానికి వచ్చిన నెలకే మా అత్తగారు నేర్పారు. "వాడు మునగ్గానే నువ్వూ ఊపిరి బిగబట్టు. నువ్వు ఆగలేకపోయావంటే వాడూ ఆగలేడు. అప్పుడు లాగు. ఇంతకన్నా గడియారం లేదే మనకి."

నాకసలే కాలు నిలవదు. బుడగలు చూసుకుంటూ గట్టు మీద అటూ ఇటూ తిరిగేదాన్ని. "తాడు పట్టుకున్నావా, గేదెని తోలుకెళ్తున్నావా?" అనేవారు అత్తగారు.

ఆ రోజు మరీ స్థిమితం లేదు. పొద్దుట్నించీ వికారం. ఊపిరి సగంలోనే అయిపోతోంది, లాగేస్తున్నాను. ఆయన సగం సంచితో పైకొచ్చి ముక్కు చీదుకుని, "ఏమే, నన్ను చేపనుకున్నావా? ఇలా లాగితే ఈ గుల్ల బట్టీకి కాదు కదా, తాంబూలంలో సున్నానికి కూడా చాలదు" అన్నారు. పక్కన దిగినవాళ్ళు పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

అప్పటికే నీటి మీది చెత్త మెల్లగా సముద్రం వైపు జారుతోంది. పాటు మొదలైపోయింది.

"చాలండీ, వచ్చేయండి."

"ఇంకొక్క మునక" అని దిగిపోయారు.

ఈసారి ముందుగా లాగకూడదని నా పంతం. ఆగలేక దొంగతనంగా ఒకసారి పీల్చి, మళ్ళీ బిగబట్టాను. ఇంకోసారి పీల్చాను. అప్పుడు చూద్దును కదా, బుడగలు లేవు. తాడు సముద్రం వైపు వాలిపోయింది. లాగాను. రాలేదు.

"అత్తయ్యా!"

ఆవిడ గుల్ల కడిగే గంప అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చారు. "ఇక్కణ్ణించి కాదే, కిందికి పద, కిందికి!" ఇద్దరం నీరు పోయే వైపు గట్టెంట పరిగెత్తి, అటునుంచి గుంజాం. ఏదో తెగింది. ఆయన దగ్గుతూ తేలారు, మెడ చుట్టూ ఎర్రటి వాత. వల కట్టే పాత రాట ఒకటి అడుగున విరిగి ఉందట, దానికి సంచి తగులుకుందట.

ఆయన తేరుకున్నాక అత్తగారు నా వైపు తిరిగారు. "ఎన్నిసార్లు పీల్చావే?"

"రెండుసార్లు."

కొడతారనుకున్నాను. నా మొహంలోకి చూశారు. "నెల తప్పి ఎన్నాళ్ళయింది?"

"రెండో నెలండి. ఎవరికీ చెప్పలేదు."

"చెప్పొద్దూ మరి! ఇద్దరికి చాలని ఊపిరితో మూడోవాణ్ణి కాస్తావా?" అని తాడు తీసుకుని తన మణికట్టుకి చుట్టుకున్నారు.

ఆ ఏడు మిగిలిన మునకలన్నిటికీ ఆవిడే ఊపిరి పట్టారు, మొహం కందిపోయేదాకా. నేను ఇంట్లో ఉండలేక గుమ్మంలో నిలబడి, వద్దన్నా బిగబట్టేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా తల మీద చెంబెడు నీళ్ళు పోసుకుంటే నా ఊపిరి ఆగిపోతుంది.

మీ ఇంట్లో నీళ్ళలోకి దిగినవాళ్ళంతా తడి గుడ్డలతో గుమ్మమెక్కాలి, తల్లీ. గట్టున కాసేవాళ్ళకి ఊపిరి చాలాలి.