రేడియేటర్ మాటు

ఈ బరువు దించుకోవడానికి నాకు మీరు దొరికారు, ఏమీ అనుకోకండి. ఏళ్ల తరబడి మోశాను. పైకి నవ్వుతూ, తింటూ, తిరుగుతూ బాగానే ఉన్నాను. కానీ ఊళ్లో ఎవరైనా "పాపం, ఆయనకి అదృష్టం లేదు" అన్నప్పుడల్లా అక్కణ్ణించి లేచి వచ్చేసేవాణ్ణి.

ఆయనంటే మా బావగారు, మా అక్క భర్త. అమలాపురంలో బస్సులూ లారీలూ బాగుచేసే షెడ్డు ఆయనది. నేను అందులోనే పని నేర్చుకుని ఆయనకి కుడిభుజంగా ఉండేవాణ్ణి. యుద్ధం అయ్యాక మిలట్రీ వాళ్లు వేలం వేసిన ఒక కారు కొనుక్కొచ్చి, తలుపులు పీకేసి, పైకప్పు కోసేసి, దానికి రేసు కారని ఆయనే నామకరణం చేశారు. ముమ్మిడివరం రోడ్డు మీద అది వస్తోందంటే కోళ్లకంటే ముందు కరణంగారు గట్టు దిగేవారు. అక్క తిట్టేది. తిట్టి, ఆయన కళ్లద్దాలు తుడిచి ఇచ్చేది.

మద్రాసు దగ్గర, ఒకప్పుడు విమానాలు దిగిన మైదానంలో కార్ల పందేలని తెలిసింది. అక్కడికి వచ్చేవాళ్లు జమీందార్లూ, కంపెనీ దొరలూ. మా బావగారు తన షెడ్డులో తయారుచేసుకున్న కారుతో బయల్దేరారు. పక్క సీట్లో నన్ను కూర్చోబెడతానని మాటిచ్చారు. ఆ మాట నేను మలికిపురం దాకా చాటుకుని, కొత్త చొక్కా కుట్టించుకున్నాను. కారుని పంటు మీద గోదావరి దాటించి, దారిపొడుగునా పాడుకుంటూ వెళ్లాం. తీరా పందెం నాటి పొద్దున, బరువు తగ్గాలని ఆ సీటు తీయించేశారు. ఊడదీసిందీ నేనే.

ఎంత చిన్న విషయం! అయినా ఉడికిపోయాను.

రేడియేటర్ కారుతుంటే ఆ పొద్దున బావగారే చిల్లు మీద సీసం కరిగించి దానికి మాటు వేశారు. చల్లారాక నీళ్లు నింపడం నా పని. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అడిగారు.

"ఏమోయ్, నీళ్లు నిండా పోసేవా?"

"ఆయ్" అన్నాను.

మా వైపు ఆయ్ అంటే అవునండి అని. సరేనండి అని. వింటున్నానండి అని కూడా. నేను చివరిది మనసులో పెట్టుకుని అన్నాను, ఆయన మొదటిది విన్నారు. అబద్ధం ఆడలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంత తెలివి ఏ ప్లీడరుకుంటుంది? అడుగున కాసిని నీళ్లే ఉన్నాయని నాకు తెలుసు. ఆయనకి దెబ్బ తగలాలనుకున్నానా? లేదు, ఒట్టు. ఓడిపోవాలనుకున్నానా? దానికి ఒట్టు వెయ్యలేను.

వెళ్లారండీ, ఏం వెళ్లారు! దొరల కార్లని ఒక్కొక్కటే దాటేసి రెండో స్థానంలోకి వచ్చేశారు. నా అలక ఎటు పోయిందో, కంచె ఎక్కి ఈలలు వేశాను. నేను ఈల వేస్తుండగానే కారు ముందునుంచి ఆవిరి లేచింది. ఆ వేడికి ఇంజను బ్లాకు పగిలిపోయింది. ఆయన నవ్వుతూనే దిగివచ్చి, తన మాటు ఊడిపోయి ఉంటుందనీ, చేతిపనిలోనే లోపం ఉందనీ అన్నారు. నేను కాదనలేదు.

ఆ కారుతోనే ఆయన పందేలూ ఆగిపోయాయి, అక్క సంతోషించి మొక్కు తీర్చుకుంది. ఆయన మళ్లీ పందెం జోలికి పోకూడదని మొక్కుకుందట. నా తప్పుని కొన్నాళ్లు ఆ దేవుడి మీదకే తోసేశాను. కానీ బావగారు ఆ తరవాత షెడ్డులో మాటు పని ఎప్పుడొచ్చినా నాకే ఇచ్చేవారు, నా చెయ్యి మంచిదని. అప్పుడైనా చెప్పొచ్చు కదా? వింటే ఆయన పగలబడి నవ్వేవారేమో. నవ్వకపోతే? ఆ భయంతోనే ఆయన బతికున్నన్నాళ్లూ గడిపేశాను.

అందుకే అదృష్టం లేదనకండి. మద్రాసులో ఆ రేడియేటర్ విప్పి చూసింది నేనే. మాటు చెక్కుచెదరలేదు. ఈ ముక్క ఆయనకి చెప్పాల్సింది, మీకు చెబుతున్నాను. హాయిగా ఉంది. ఉండకూడదేమో, కానీ ఉంది.